పిల్లలకో ఇల్లు చూపించిన డాక్టరమ్మ

ఉద్యోగానికి వెళ్లే తల్లికి ఉండే చింతల్లో మొదటిది, పసిబిడ్డను పగలంతా ఎవరి చేతిలో పెట్టి వెళ్లాలన్నదే. అమ్మో అత్తగారో దగ్గరుంటే ఒక దారి. లేకపోతే ఇంట్లో ఆయాను పెట్టుకోవాలి, క్రెష్‌లో చేర్చాలి, లేదా మూడేళ్లు నిండీ నిండకుండానే ప్లేస్కూలుకి పంపాలి. ఈ వెతుకులాటలో మనకి ఊరూరా బోర్డుల మీద కనిపించే పేరు ఒకటుంది. అదే మాంటిస్సోరి. విజయవాడలో కోటేశ్వరమ్మగారు ఆ పేరుతో నడిపిన విద్యాసంస్థల గురించి వినని తెలుగువాళ్లు తక్కువే. చిన్న చిన్న టౌన్లలో రెండు గదుల డాబా మీద కూడా ఆ పేరు రాసి ఉంటుంది.

మా పాప కోసం చోటు వెతికిన రోజుల్లో నేను ఇలాంటి బోర్డులు చాలా చూశాను. ఒకచోట రెండున్నరేళ్ల పిల్లల్ని గోడవారగా వరసలో కూర్చోబెట్టి, చేతులు కట్టుకోమన్నారు. బొమ్మలన్నీ పైన అద్దాల బీరువాలో, తాళం వేసి ఉన్నాయి. ఇంతకీ ఆ బోర్డు మీది పేరు ఎవరిది, ఆవిడ ఏం చేసింది అని అప్పుడే చదవడం మొదలుపెట్టాను. ఆవిడ పెట్టిన మొదటి బడి, అమ్మానాన్నా పనికి పోతే పగలంతా దిక్కులేకుండా తిరిగే పిల్లల కోసం పుట్టిందని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆవిడ జీవితంలో అంతకంటే పెద్ద ముడి ఇంకొకటి ఉంది. అది ఒక తల్లిగా ఆవిడ పడ్డ బాధ.

మగపిల్లల బడిలో ఆడపిల్ల

మారియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో, ఆంకోనా దగ్గర కియరవల్లే అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డే బాగా చదువుకున్నది. మారియా ఒక్కతే సంతానం. ఆమె చిన్నప్పుడే కుటుంబం రోముకి మారింది.

పదమూడో ఏట మారియా మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరింది. ముందు ఇంజనీరు కావాలనుకుంది. తర్వాత మనసు మార్చుకుని డాక్టరీ చదువుతానంది. ఆ రోజుల్లో ఇటలీలో ఆడపిల్ల డాక్టరీ చదవడమంటే నలుగురూ నోరు నొక్కుకునేవాళ్లు. తండ్రికి ఇష్టం లేదు. తల్లి మాత్రం కూతురి వెనకాల గట్టిగా నిలబడింది. శవపరీక్ష పాఠం మగవాళ్లతో కలిసి నేర్చుకోవడం మర్యాద కాదని, అందరూ వెళ్లిపోయాక సాయంత్రంపూట ఒక్కదాన్నే ఆ గదిలో పని చేసుకోమన్నారు. అలాగే చేసింది. 1896లో రోము విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకుంది. ఇటలీలో డాక్టరైన తొలి ఆడవాళ్లలో ఆమె ఒకరు. అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన మహిళా మహాసభకి వెళ్లి, పనిచేసే ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని మాట్లాడింది.

రొట్టెముక్కల కోసం కాదు

పట్టా వచ్చాక మానసిక వైద్యశాలలో పని చూసుకుంది. అప్పట్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని కూడా పిచ్చాసుపత్రుల్లోనే పెద్దవాళ్లతో పాటు పడేసేవాళ్లు. ఒక గదిలో అలాంటి పిల్లలు, తిండి అయిపోగానే నేల మీద పడి రొట్టెముక్కలు ఏరుకునేవాళ్లు. చూసుకునే ఆయమ్మ వాళ్ల తిండియావకు అసహ్యించుకునేది. మారియా గదంతా కలియజూసింది. గోడలు తప్ప ఏమీ లేవు. పట్టుకోవడానికి, తిప్పి చూడ్డానికి ఒక్క వస్తువు లేదు. ఆ పిల్లలు ఏరుకుంటున్నది తిండి కోసం కాదు, చేతికి ఏదో ఒక పని కోసమని ఆమెకు తోచింది.

అక్కణ్ణుంచి ఆమె చూపే మారిపోయింది. ఇటార్, సెగ్యాన్ అనే ఫ్రెంచి వైద్యులు ఇలాంటి పిల్లల కోసం చేసిన ప్రయత్నాలన్నీ చదివింది. 1900లో రోములో ఇలాంటి పిల్లల టీచర్లకు శిక్షణ ఇచ్చే పాఠశాల మొదలైతే, దానికి ఇద్దరు డైరెక్టర్లలో ఒకరయింది. పగలు పిల్లలతో గడిపి, రాత్రి కూర్చుని చూసిందంతా రాసుకునేది. చదువు రాదని వదిలేసిన ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు రాసే పరీక్ష పాసయ్యారు. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే, మరి మామూలు పిల్లలు ఇంతకంటే ఎందుకు ముందుకు పోవడంలేదన్న ఆలోచన ఆమెను పట్టుకుంది.

పల్లెలో వదిలిన బిడ్డ

ఆ పాఠశాలకు రెండో డైరెక్టరు గియుసెప్పె మాంటెసానో అనే డాక్టరు. ఇద్దరూ ప్రేమించుకున్నారు. 1898 మార్చి 31న వాళ్లకి మారియో అనే కొడుకు పుట్టాడు. పెళ్లి మాత్రం కాలేదు. పెళ్లి చేసుకుంటే ఆమె ఉద్యోగం, పరిశోధన అక్కడితో ఆగిపోయేవి. పెళ్లి కాకుండా బిడ్డను ఎత్తుకుని తిరిగితే అసలు ఏ ఆసుపత్రీ, ఏ బడీ గుమ్మం ఎక్కనివ్వదు. చివరికి పసివాణ్ణి పల్లెలో ఒక కుటుంబం దగ్గర పెంపకానికి ఉంచారు. 1901లో మాంటెసానో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. మారియా ఆ పాఠశాల వదిలేసి వచ్చేసింది.

కొడుకుని చూడ్డానికి అప్పుడప్పుడూ వెళ్లేది. తాను ఎవరో చెప్పేది కాదు. ఊరందరి పిల్లల గురించి ఆలోచించిన మనిషి, తన బిడ్డ మొదటి అడుగులు, మొదటి మాటలు దగ్గరుండి చూసుకోలేకపోయింది. ఇది చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. దీన్ని పట్టుకుని ఆవిడ్ని తప్పుపట్టేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. బిడ్డ తండ్రి పేరు మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు. ఉద్యోగమో బిడ్డో తేల్చుకోమని అడగడం ఆడదాన్ని మాత్రమే అడగడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇంటివాళ్ల లెక్కలోంచి పుట్టిన బడి

రోములో సాన్ లోరెంజో అని ఒక పేదల పేట. 1880ల్లో ఇళ్ల వ్యాపారం ఉబ్బి, పేలిపోయి, సగం కట్టిన పెద్ద పెద్ద భవనాలు అక్కడ అలాగే ఉండిపోయాయి. ఎక్కడెక్కడి బీదాబిక్కీ వాటిలో చేరారు. తర్వాత ఒక ఇళ్ల కంపెనీ వాటిని కొని, బాగుచేసి, అద్దెలకిచ్చింది. అమ్మానాన్నా పొద్దున్నే కూలికి వెళ్లిపోయేవాళ్లు. బడికి వెళ్లే వయసు రాని పిల్లలు మెట్ల మీద, వరండాల్లో తిరుగుతూ, కొత్తగా వేసిన సున్నం పాడుచేసేవాళ్లు. గోడలు మళ్లీ మళ్లీ బాగుచేయించే ఖర్చు కంటే, పిల్లలందరినీ ఒక గదిలో పెట్టి చూసుకోవడమే చవకని కంపెనీవాళ్లు లెక్కవేశారు. ఆ పని చూడమని డాక్టర్ మాంటిస్సోరిని అడిగారు. అప్పటికామె రోము విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతోంది. అంత పేరున్న డాక్టరు, కూలివాళ్ల పిల్లల్ని కాచుకునే పనికి ఒప్పుకుందంటే తోటివాళ్లకి వింతగానే ఉండి ఉంటుంది.

1907 జనవరి 6న దీ మార్సీ వీధిలో ఆ గది తెరుచుకుంది. దాదాపు యాభై మంది పిల్లలు. అందరూ ఏడేళ్లలోపువాళ్లే. దానికి పిల్లల ఇల్లు అని అర్థం వచ్చే కాసా దేయి బంబీని అనే పేరు పెట్టారు. టీచరు శిక్షణ పొందిన మనిషి కాదు. ఆ చాలుమూలంగానే పాత పద్ధతులేవీ ఆమె మీద పడి లేవు. ఇల్లూవాకిలీ శుభ్రంగా పెట్టడం, పిల్లలు వాళ్లంతట వాళ్లు చేసుకుంటుంటే చూస్తూ ఉండడం, అవసరమైతేనే చెయ్యేయడం. ఆమెకు అప్పగించిన పని అంతే.

అక్కడ జరిగిన చిన్న చిన్న సంగతులే తర్వాత ప్రపంచాన్ని తిప్పాయి. ఒకనాడు టీచరు ఆలస్యంగా వచ్చింది. ముందు రోజు బీరువాకి తాళం వేయడం మరిచిపోయింది. వచ్చి చూసేసరికి పిల్లలు ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని, గోల లేకుండా పనిలో ఉన్నారు. దొంగతనం చేశారని టీచరు కోప్పడబోయింది. మారియాకు మాత్రం వాళ్లకు ఏం కావాలో వాళ్లకు తెలుసునని అర్థమైంది. ఆ తర్వాత తాళాల బీరువాలు పోయి, పిల్లల చేతికి అందే పొట్టి అరలు వచ్చాయి. బల్లలూ కుర్చీలూ పిల్లల ఎత్తుకి తగ్గట్టు, వాళ్లే ఎత్తి జరుపుకునేంత తేలిగ్గా చేయించారు.

ఇంకోసారి మూడేళ్ల పిల్ల ఒకతె, కొయ్య దిమ్మకున్న గుంటల్లో సరిపోయే కొయ్య ముక్కల్ని దూర్చే ఆట ఆడుతోంది. అన్నీ పెట్టేస్తుంది, మళ్లీ తీసేస్తుంది, మళ్లీ మొదలు. చుట్టూ పిల్లలు పాడుతున్నా, తాను కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా, చేస్తున్న పని ఆపలేదు. తనివితీరాక లేచి నవ్వుతూ చుట్టూ చూసింది. అంత చిన్నపిల్లకు అంత ఏకాగ్రత ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. అలాగే ముక్కు ఎలా చీదుకోవాలో, రుమాలు ఎలా వాడాలో ఒకరోజు చూపిస్తే, పిల్లలంతా చప్పట్లు కొట్టారట. పెద్దవాళ్లు ఎప్పుడూ తిట్టడమే తప్ప, ఎలా చేయాలో వాళ్లకు నిదానంగా చూపించినవాళ్లు లేరు మరి.

గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేళ్లు రాస్తూ ఆడుకున్న నాలుగైదేళ్ల పిల్లలు, కొన్ని నెలలకు తమంతట తామే రాయడం మొదలుపెట్టారు. చదువు చెప్పమని తల్లులే వచ్చి అడిగారని, ఆమె మొదట్లో దానికి తొందరపడలేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ పిల్లల ఇంట్లో తల్లులకు పెట్టిన నియమాలు నాకు అన్నిటికంటే నచ్చాయి. బిడ్డను శుభ్రంగా స్నానం చేయించి పంపాలి. వారానికి ఒకసారైనా టీచరుతో కూర్చుని బిడ్డ సంగతి మాట్లాడాలి. తల్లి ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికి వచ్చి చూడొచ్చు. టీచరు కూడా ఆ భవనంలోనే ఉండాలి. పిల్లల ఎత్తు, బరువు క్రమం తప్పకుండా రాసుకునేవాళ్లు. చదువురాని కూలి తల్లికి, డాక్టరమ్మ నడిపే చోట నిలబడి అడిగే హక్కు ఉండేదన్నమాట.

పేరొచ్చింది, చిక్కులూ వచ్చాయి

1909లో ఆమె తన పద్ధతిని పుస్తకంగా రాసింది. 1912లో అది ఇంగ్లీషులో వచ్చాక అమెరికాలో మారుమోగిపోయింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గది పెట్టి పిల్లలు పని చేసుకోవడం చూపిస్తే జనం విరగబడి చూశారు. 1912 చివర్లో తల్లి చనిపోయింది. ఆ మరుసటి ఏడాది, పదిహేనేళ్ల కొడుకు మారియో ఆమె దగ్గరికి వచ్చి చేరాడు. అయినా లోకానికి మాత్రం మేనల్లుడనో, పెంచుకున్న కొడుకనో చెప్పాల్సి వచ్చింది.

ఆమె చేసిన పనులన్నీ మెచ్చుకోదగ్గవే అనలేం. 1924లో ముస్సోలినీ తన బడులకు అండగా ఉంటానంటే ఒప్పుకుంది. పదేళ్లపాటు ఆ నియంత నీడలోనే ఇటలీలో ఆమె బడులు నడిచాయి. స్వేచ్ఛ నేర్పే బడికీ, అరిచి అణచేసే ప్రభుత్వానికీ ఎన్నాళ్లు పొసుగుతుంది? 1934కల్లా ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో హిట్లరు ప్రభుత్వమూ మూయించింది. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వస్తే బార్సిలోనా నుంచి తప్పించుకుని హాలెండు చేరింది.

మద్రాసులో తాటాకు పాకల్లో

1931లో లండన్‌లో గాంధీగారు ఆమెను కలుసుకున్నారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం తరఫున అరండేల్, రుక్మిణీదేవి దంపతులు ఆహ్వానిస్తే, అరవై తొమ్మిదేళ్ల మారియా కొడుకుతో కలిసి మద్రాసు వచ్చింది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. అడయారులో తాటాకు పాకల్లో శిక్షణ మొదలైతే దేశం నలుమూలల నుంచి మూడు వందల మందికి పైగా టీచర్లు వచ్చారు.

మరుసటి ఏడాది జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. దాంతో బ్రిటిష్ ప్రభుత్వానికి ఇటలీవాళ్లంతా శత్రువులయ్యారు. మారియోను నిర్బంధంలోకి తీసుకున్నారు. ఆమెను అడయారు దాటి వెళ్లొద్దన్నారు. ఆగస్టు 31న ఆమెకు డెబ్భై ఏళ్లు నిండాయి. ఆ రోజు వైస్రాయి నుంచి టెలిగ్రాం వచ్చింది. పుట్టినరోజు కానుకగా కొడుకుని వెనక్కి పంపుతున్నామని దాని సారాంశం. నలభై రెండేళ్లు లోకం ముందు కొడుకని చెప్పుకోలేని మనిషిని, పరాయి ప్రభుత్వం కాగితం మీద కొడుకని పిలిచింది.

తర్వాత కొన్నేళ్లు కొడైకెనాల్‌లో ఉండి పని చేశారు. యుద్ధం అయ్యాక 1946లో యూరప్ వెళ్లినా, మళ్లీ వచ్చారు. మొత్తం మీద మన దేశంలో వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మూడేళ్లలోపు పసివాళ్ల గురించి ఆమె ఎక్కువగా ఆలోచించింది ఇక్కడే. తల్లి చంకనెక్కి సంతకీ, నూతికీ, పేరంటానికీ తిరిగే బిడ్డ, మూల ఉయ్యాల్లో ఒంటరిగా పడుకున్న బిడ్డకంటే ఎక్కువ చూస్తుంది, ఎక్కువ వింటుంది, మాటలు బాగా పట్టుకుంటుంది. ఇది మన అమ్మమ్మలకు ఎప్పుడూ తెలిసిందే. ఆమె దాన్ని శాస్త్రంగా చెప్పింది.

1952 మే 6న హాలెండులోని నూర్డ్‌వైక్‌లో మారియా కన్నుమూసింది. అప్పుడు పక్కనే ఉన్నది మారియోనే. వీలునామాలో అతన్ని కొడుకనే రాసింది.

బోర్డు చదివి ఆగిపోకండి

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆమె పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. 1967లో అమెరికాలో ట్రేడ్‌మార్కు అధికారులు ఆ పేరు అందరిదీ అని తేల్చేశారు. అంచేత బోర్డు మీద ఆ పేరున్నంత మాత్రాన లోపల ఆ పద్ధతి ఉంటుందన్న పూచీ లేదు. పేరు లేనంత మాత్రాన చోటు మంచిది కాదనీ కాదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా, ఆ తర్వాత మహారాష్ట్రలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ ఖరీదైన సామాను లేకుండానే, దొరికిన వస్తువులతోనే పల్లెపిల్లలకీ గిరిజన పిల్లలకీ ఇలాంటి బడులు నడిపి చూపించారు. అంగన్‌వాడీ అన్న మాట కూడా వాళ్ల పనిలోంచి వచ్చిందే. 1975లో ప్రభుత్వం ఆ పేరుతో దేశమంతా కేంద్రాలు మొదలుపెట్టింది.

ఆమె కథ చదివాక నేను చోటు చూసే తీరు మారింది. ఆయా అయినా, క్రెష్ అయినా, అంగన్‌వాడీ అయినా ఈ సంగతులు చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

* చెప్పకుండా ఒకసారి వెళ్లండి. పదకొండు గంటలకో, పిల్లలు నిద్రలేచే వేళకో అయితే మంచిది. గేటు దగ్గరే ఆపేసి, సాయంత్రం రమ్మనే చోటు గురించి రెండుసార్లు ఆలోచించండి.

* ఆటవస్తువులు ఎక్కడున్నాయో చూడండి. బిడ్డ చేతికి అందేచోట ఉంటే అవి బిడ్డ కోసం. అద్దాల వెనక ఉంటే మనలాంటివాళ్లకి చూపించడం కోసం.

* ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలో అడగండి. చంటిపిల్లలున్నచోట ఒక్క ఆయా పదిమందిని ఎత్తుకోలేదు. ఆయాలు నెలకొకరు మారిపోతుంటే బిడ్డ ఎవరికీ అలవాటుపడదు.

* మూడేళ్లలోపు బిడ్డకి అక్షరాలు ఎన్ని నేర్పుతారని అడగొద్దు. బిడ్డతో ఎంతసేపు మాట్లాడతారు, అన్నం తనంతట తాను తిననిస్తారా, నేల మీద ఒలికితే తిడతారా, తుడవడం చూపిస్తారా అని అడగండి.

* ఏడ్చే బిడ్డ దగ్గరికి ఎవరు, ఎంతసేపట్లో వెళ్తున్నారో గమనించండి. టీవీ ముందు కూర్చోబెట్టి నోరు మూయించడం చూసుకోవడం కిందికి రాదు.

* వంటగది, తాగే నీళ్లు, పాయిఖానా, మెట్లకు అడ్డుగేటు, బయటికి దారి తప్పకుండా చూడాలి. మొహమాటపడొద్దు.

* చేర్చాక వారానికోసారైనా చూసుకునేవాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి. ఈ పని తల్లిదే అని రాసిపెట్టిలేదు. తండ్రి కూడా వెళ్లొచ్చు, వెళ్లాలి.

కొత్తచోట మొదటి వారం రోజులూ ఏ బిడ్డయినా ఏడుస్తుంది. వీలుంటే మొదట గంటసేపు, తర్వాత ఒక పూట, ఆ తర్వాత రోజంతా అలవాటు చేయండి. చెప్పకుండా మాయమవకుండా, ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్లండి. నెల గడిచినా బిడ్డ ఆ గుమ్మం చూడగానే బిగుసుకుపోతుంటే, కట్టిన ఫీజు గురించి ఆలోచించకండి. ఇంకోచోటు చూడండి.

ఇవన్నీ చూసి, నమ్మకం కుదిరి, బిడ్డను అప్పజెప్పి బస్సెక్కాక కూడా మనసు పీకుతూనే ఉంటుంది. పక్కింటివాళ్లో, చుట్టాలో ఒక మాట అననే అంటారు. మారియా మాంటిస్సోరికి బిడ్డను దగ్గర పెట్టుకుని పని చేసుకునే దారి ఆనాటి లోకం ఇవ్వలేదు. ఆమె చేతిమీదుగా నడిచిన ఆ పిల్లల ఇంటి పుణ్యమా అని, మనకు ఆ దారి కొంత ఉంది. దాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక వంటిల్లు కాసేపు ఆగుతుంది. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ రోజు ఏం చేశావని అడగండి, చెప్పేదంతా వినండి.